ఉల్లిపొర కాగితం మీద పాతకాలం

డిసెంబరు మొదటి వారాంతంలో టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు వెళ్తే స్ట్రాండ్ వీధిలో విక్టోరియా రాణి ఎదురుపడుతుంది. రాణి అంటే రాణి వేషం కట్టిన ఓ పెద్దావిడ. వెనక పరివారం, పొడుగు టోపీల పెద్దమనుషులు, పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్ల వేషంలో పిల్లలు. ‘డికెన్స్ ఆన్ ది స్ట్రాండ్’ అనే ఈ ఉత్సవాన్ని గాల్వెస్టన్ చారిత్రక సంస్థ యాభై ఏళ్లుగా జరుపుతోంది. హ్యూస్టన్ నుంచి కారులో గంట ప్రయాణమే కనుక అక్కడి తెలుగువాళ్లకూ అందుబాటులో ఉన్న వేడుకే. ఆ కాలపు దుస్తుల్లో వచ్చినవారికి టికెట్టులో తగ్గింపు ఉంటుంది. తగ్గింపు కోసం ఏదో ఒక గౌను అద్దెకు తెచ్చి తగిలించుకునేవారిని ఇట్టే పోల్చుకోవచ్చు, వీపున జిప్పు మెరుస్తూ ఉంటుంది. మనం చెప్పుకోవలసింది రెండో రకం వాళ్ల గురించి. నడుము వెనక గోపురంలా లేచిన గౌను వేసుకుని, కుర్చీ అంచున ఓ పక్కకు ఒదిగి కూర్చున్న మనిషిని ‘ఎక్కడ కొన్నారండీ’ అని అడిగి చూడండి. కొనలేదు, కుట్టుకున్నాను అంటుంది. ఆ జవాబు కోసమే ఎదురు చూస్తున్నట్టుంటుంది ఆమె గొంతు.

అమెరికాలో ఇలా కుట్టుకునేవారికి కొదవ లేదు. టీచర్లు, నర్సులు, లైబ్రరీ ఉద్యోగులు, కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లు అలిసిపోయినవాళ్లు, రిటైరైనవాళ్లు. అంతర్యుద్ధపు పోరాటాలను మళ్లీ ప్రదర్శించే బృందాల్లో కొందరు, ఇండియానాలోని కానర్ ప్రైరీ, మిషిగన్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ లాంటి సజీవ ప్రదర్శనశాలల్లో పనిచేసేవారు కొందరు. ఇలాంటి పనేమీ లేకుండా కేవలం ముచ్చట కోసం కుట్టుకునేవారే ఎక్కువేమో. వీళ్ల కోసం పాతకాలపు కొలతలను ఇప్పటి కాగితాల మీదికి ఎక్కించి అమ్మే కంపెనీలు ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1975లో మొదలైన ఫోక్‌వేర్, ఆ తర్వాత వచ్చిన పాస్ట్ ప్యాటర్న్స్, ట్రూలీ విక్టోరియన్, లాఫింగ్ మూన్ వాటిలో కొన్ని. కవరు విప్పితే ఉల్లిపొర లాంటి కాగితాల మీద గీసిన ముక్కలు, కూడా ఓ సూచనల పుస్తకం. గుడ్డ మాత్రం ఉండదు. అది మన పూచీ.

ఈ పనిలో దిగిన ప్రతివారికీ మొదటి పాఠం ఒకటే: పైనుంచి మొదలుపెట్టకూడదు. గౌను ఎంత ముద్దొచ్చినా దాని జోలికి ముందు పోకూడదు. మొదట ఒంటికి తగిలే పల్చని నూలు షెమీజు, దాని మీద నడుము బిగించే కార్సెట్టు, ఆ మీద లోపావడాలు, నడుము వెనక తీగెలతో కట్టిన బుట్ట, దాని ఆకారం కనబడకుండా మళ్లీ ఓ మడతల పావడా. ఇవన్నీ కుట్టి, తొడుక్కుని, అప్పుడు కొలతలు తీసుకోవాలి. ఎందుకంటే పై గౌను కత్తిరించేది ఒంటికి కాదు, ఈ లోపలి సరంజామాకు. తొందరపడి తన మామూలు కొలతలకు గౌను కుట్టేసిన వాళ్ల కథలు ఈ బృందాల్లో బోలెడు. ముందు వైపు నేల మీద జీరాడుతూ, వెనక వైపు జానెడు పైకి లేచి నిలబడిన గౌనును ఏం చేస్తారు? విప్పి, మళ్లీ మొదటికి వస్తారు.

ఇప్పుడు 1880ల నాటి ఓ బాడీసు, అంటే గౌను పైభాగపు కాగితాన్ని బల్ల మీద పరిచి చూద్దాం. మన జాకెట్టులా ముందు రెండు ముక్కలు, వెనక ఒకటి కాదు. వీపు ఒక్కటే నాలుగైదు ముక్కలు. నడిమి ముక్క నడుము దగ్గరికొచ్చేసరికి బొటనవేలి వెడల్పుకు సన్నబడుతుంది. దాని పక్క ముక్క చంక దగ్గర పుట్టి వంపు తిరుగుతూ కిందికి దిగుతుంది. భుజం కుట్టు భుజం మీద ఉండదు, వెనక్కి జారి ఉంటుంది. చంక కోత ఎంత చిన్నదంటే, కొత్తవాళ్లు ఏదో తప్పు అచ్చయిందనుకుంటారు. కొన్ని కంపెనీల కాగితాల్లో వీపు వెడల్పును బట్టి వెనక భాగానికి ఒక సైజు, ఛాతీని బట్టి ముందు భాగానికి మరో సైజు ఎంచుకోవాలి. దుకాణంలో చెప్పే నంబరు ఇక్కడ పనికిరాదు. అందుకే ముందు చవక నూలుగుడ్డతో ఒక నకలు కుట్టి, ఒంటి మీదే గుండుసూదులు గుచ్చి సరిచేసుకుంటారు. ఆ తర్వాత అసలు గుడ్డ. అందులోనూ ప్రతి పట్టు ముక్క కింద ఓ నూలు ముక్క పెట్టి రెండూ ఒకటే అన్నట్టు కుట్టాలి. లోపల కుట్ల వెంట సన్నటి పట్టీలు వేసి వాటిలో ఉక్కు పుల్లలు దూర్చాలి. ఆనాడు తిమింగలం నోట్లోంచి తీసిన ఎముక లాంటి పదార్థం వాడేవారు. ఈనాడు హార్డ్‌వేర్ షాపులో వైర్లు కట్టడానికి అమ్మే ప్లాస్టిక్ పట్టీలు వాడేవాళ్లూ ఉన్నారు. మహారాణి ఒప్పుకోకపోవచ్చు గానీ పని జరుగుతుంది.

అన్నీ అయ్యాక తొడుక్కుంటే ఓ వింత. ఆ చిన్న చంక కోతే చెయ్యి పైకెత్తడానికి వీలిస్తుంది. చంక వదులుగా ఉంటే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టంతా పైకి పోతుందని మన దర్జీలకు తెలియని సంగతి కాదు. భుజాలు వాటంతట అవే వెనక్కి వెళ్తాయి, వీపు నిటారుగా నిలుస్తుంది. పాత ఫొటోల్లో ఆ ఆడవాళ్లంతా అలా కొయ్యబారి నిలబడ్డారేమిటి అనుకున్న మనిషికి, అది ఫొటో భయం కాదు, కత్తిరింపు మహిమ అని తన భుజాలతోనే తెలుస్తుంది.

కార్సెట్టు గురించి ప్రచారంలో ఉన్న కథల్లో సగం కూడా ఇలాగే వీగిపోతాయి. పక్కటెముకలు తీయించుకునేవారట, అరచేతుల్లో ఇమిడే నడుములట. కుట్టి తొడుక్కున్నవాళ్లు చెప్పేది వేరు. నడుము సన్నగా కనిపించడానికి దాన్ని నొక్కడం కంటే మిగతావి పెంచడం మీదే వాళ్ల దృష్టి. ఛాతీ దగ్గర కాస్త దూది, తుంటి దగ్గర మెత్తలు, కింద విశాలమైన పావడా. నడిమి భాగం దానంతటదే చిన్నదైపోతుంది. అలాగని ఆ బట్టలు నిరపాయమైనవని చెప్పడం అబద్ధమే అవుతుంది. 1861 జూలైలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో కవి లాంగ్‌ఫెలో భార్య ఫ్యానీ తన గౌనుకు నిప్పంటుకుని చనిపోయింది. పలుచటి గుడ్డ, దాని కింద విశాలంగా గాలి. అలాంటి గౌన్లకు నిప్పంటుకోవడం ఆ రోజుల్లో పత్రికలకు కొత్త వార్త కాదు. ఈ కాలపు కుట్టుపనివారు కొవ్వొత్తి దగ్గర ఒకరినొకరు హెచ్చరించుకోవడం ఊరికే కాదు.

అసలు ఈ కాగితం పుట్టుక ముచ్చటైనది. 1850ల దాకా అమెరికా ఆడవాళ్లకు ఫ్యాషన్ అంటే బొమ్మలే. ఫిలడెల్ఫియా నుంచి వచ్చే ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రికలో చేత్తో రంగులద్దిన బొమ్మలు ఉండేవి. సారా జోసెఫా హేల్ సంపాదకత్వంలో ఆ పత్రిక ఇంటింటి మాట అయింది. కానీ బొమ్మ చూసి ఎలా కత్తిరించాలి? ఆ విద్య దర్జీల చేతిలో ఉంది. పత్రికలో కొలతల బొమ్మ ఒకటి అచ్చేసినా అగ్గిపెట్టె అంత ఉండేది, దాన్ని ఒంటికి సరిపడా పెంచుకోవడం మామూలు గృహిణికి అయ్యే పని కాదు. డబ్బున్నవాళ్లు దర్జీని పిలిపించుకునేవారు, లేనివాళ్లు పాత గౌను విప్పి దాని మీద కొత్తది కత్తిరించుకునేవారు.

న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన ఎలెన్ డెమొరెస్ట్ ఈ ఇబ్బందిని వ్యాపారంగా మార్చింది. తన ఇంటి పనిమనిషి, ఓ నల్లజాతి స్త్రీ, గోధుమరంగు పొట్లం కాగితం మీద గౌను ముక్కలు కత్తిరించుకుంటుంటే చూసి ఆమెకు ఆలోచన తట్టిందని చెబుతారు. 1860లో ఆమె, ఆమె భర్త కలిసి ‘మిర్రర్ ఆఫ్ ఫ్యాషన్స్’ పత్రిక మొదలుపెట్టి, ప్రతి సంచికలో ఒక పల్చటి కాగితపు ప్యాటర్న్ పెట్టి అమ్మారు. తన దుకాణాల్లో నల్లవారిని, తెల్లవారిని పక్కపక్కన కూర్చోబెట్టి పని చేయించడం ఆ రోజులకు సాహసమే. డెమొరెస్ట్ పేరు పుస్తకాలకెక్కింది. పొట్లం కాగితం కత్తిరించిన మనిషి పేరు ఎక్కలేదు.

మూడేళ్ల తర్వాత 1863లో మసాచుసెట్స్‌లోని స్టెర్లింగ్ అనే చిన్న ఊళ్లో ఎబెనీజర్ బటరిక్ అనే దర్జీ ఇంకో అడుగు వేశాడు. కొడుకు కోసం గళ్ల గుడ్డతో బట్టలు కత్తిరిస్తూ ఆయన భార్య ఎలెన్, ఈ కొలత కాగితం పిల్లాడి సైజులోనే దొరికితే ఎంత బాగుండును అందట. అప్పటిదాకా కాగితాలు ఒక్క సైజులోనే వచ్చేవి, పెంచుకోవడమో తగ్గించుకోవడమో కొన్నవాళ్ల తలనొప్పి. బటరిక్ సైజుల వారీగా చేయడం మొదలుపెట్టాడు. మొదట అట్టముక్కలతో చేస్తే పోస్టులో పంపడానికి మడవరాలేదు, అప్పుడు పల్చటి కాగితానికి మారాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని కత్తిరించి మడతలు పెట్టేవారు. మొదట మగపిల్లల బట్టలు, కొన్నేళ్లకే ఆడవాళ్ల గౌన్లు. 1871 నాటికి కంపెనీ అరవై లక్షల ప్యాటర్న్‌లు అమ్మింది. ఆ కాగితాల మీద అక్షరం ముక్క అచ్చయ్యేది కాదు. చిన్న చిన్న చిల్లులే గుర్తులు: ఇక్కడ మడవాలి, ఇక్కడ కలపాలి అని. పశ్చిమాన గడ్డిమైదానంలో మట్టి ఇంట్లో ఉన్న రైతు భార్య కూడా పోస్టులో వచ్చిన ఆ చిల్లుల కాగితంతో న్యూయార్క్ గౌను కత్తిరించుకోగలిగింది. దర్జీల గుట్టు కవర్లో పడి ఊరూరా తిరిగింది.

కుట్టు మిషను అప్పటికే వచ్చి ఉంది. ఎలియాస్ హోవ్ 1846లోనూ ఐజాక్ సింగర్ 1851లోనూ పేటెంట్లు పుచ్చుకున్నారు. ధర వంద డాలర్ల దాకా ఉండడంతో సింగర్ కంపెనీ 1856లో వాయిదాల పద్ధతి పెట్టింది. మన ఇళ్లలో ఫ్రిజ్‌లూ టీవీలూ దిగిన దారి అక్కడ మొదలైనట్టే. భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగర్ మిషను కనిపెట్టాడని గాంధీగారు నమ్మారు. యంత్రాల వ్యామోహం మీద కోపం ఉన్న మనిషి 1924లో దీన్ని మాత్రం మినహాయించారు. పాపం ఆయనకు అసలు సంగతి తెలిసినట్టు లేదు. సింగర్‌కు ఒకరు కాదు, పలువురు స్త్రీలతో కాపురాలు, అందరి వల్లా కలిపి ఇరవైమందికి పైగా పిల్లలు. అయినా మిషను విషయంలో మహాత్ముడి తీర్పు తప్పని ఎవరనగలరు?

చేత్తో కుడితే మగవాళ్ల చొక్కాకు 14 గంటల 26 నిమిషాలు, మిషను మీద గంటా 16 నిమిషాలు అని వీలర్ అండ్ విల్సన్ కంపెనీ ప్రకటించుకునేది. వ్యాపారి లెక్క కనుక కొంత తగ్గించుకున్నా తేడా పెద్దదే. మరి మిగిలిన ఆ పదమూడు గంటలు ఆడవాళ్లకు తీరిక అయ్యాయా? 1870ల గౌన్లు చూస్తే జవాబు దొరుకుతుంది. కింద కుచ్చుల వరస, దాని మీద మడతల వరస, దాని మీద మళ్లీ కుచ్చులు, అంచున లేసు. ఒక్క గౌనుకు గజాల కొద్దీ గుడ్డ కుచ్చులకే పోయేది. మిషను పని తగ్గించింది, ఫ్యాషన్ ఆ పనిని మళ్లీ పెంచింది. ఈ మాట పుస్తకంలో చదివితే ఒక వాక్యం. ఆ కుచ్చుల కోసం గుడ్డ పొడుగునా మడత కుట్టుకుంటూ పోయిన మనిషికి అది నాలుగు ఆదివారాల నడుము నొప్పి.

ఈ బట్టల వైభవం వెనక ఒక మనిషిని తలుచుకోకపోతే కథ సగమే. ఎలిజబెత్ కెక్లీ 1818లో వర్జీనియాలో బానిసగా పుట్టింది. కుట్టుపని తల్లి నేర్పింది. సెయింట్ లూయిస్‌లో యజమాని కుటుంబానికి గడవని రోజుల్లో తన సూదితో పదిహేడుమందిని పోషించింది. పోషించబడినవాళ్లు యజమానులు, పోషించింది బానిస. 1855లో 1,200 డాలర్లకు తననూ కొడుకునూ కొనుక్కుంది. ఆ సొమ్ము అప్పిచ్చింది ఆమె దగ్గర గౌన్లు కుట్టించుకునే ఇల్లాళ్లే. దాన్ని కుట్టి తీర్చింది. 1860లో వాషింగ్టన్ చేరి, మరుసటి ఏడు అధ్యక్షుడి భార్య మేరీ లింకన్‌కు దర్జీ అయింది. అంతకుముందు కెక్లీ చేత గౌన్లు కుట్టించుకున్నవారిలో జెఫర్సన్ డేవిస్ భార్య కూడా ఉంది. బానిసత్వం కోసం వేరుపడిన రాష్ట్రాలకు ఆ తర్వాత అధ్యక్షుడైనవాడు ఆ డేవిసే.

మేరీ లింకన్ 1861-62 చలికాలంలో వేసుకున్న ఊదారంగు వెల్వెట్ గౌను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కెక్లీ కుట్టిందని భావిస్తున్నారు. ఒకే పావడాకు రెండు బాడీసులు, ఒకటి పగటికి, ఒకటి రాత్రి విందులకు. కుట్ల వెంట తెల్లటి శాటిన్ పైపింగు, ముత్యపు చిప్ప బొత్తాలు. ఇలా రెండు పైభాగాలు కుట్టించుకోవడం ఆ రోజుల్లో పొదుపు కూడా. పైపింగును దగ్గరగా చూసిన ఏ దర్జీ అయినా చెబుతాడు, వెల్వెట్ జారే గుడ్డ, దాన్ని శాటిన్‌తో కలిపి ముడత రాకుండా వంపు తిప్పడం ఎంత కష్టమో. కెక్లీ 1868లో తన జీవితకథ రాసింది. లింకన్ ఇంటి విషయాలు బయటపెట్టిందని పెద్ద ఇళ్లు ఆమెను దూరం పెట్టాయి. తర్వాత ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో కుట్టుపని నేర్పింది. 1907లో వాషింగ్టన్‌లో దిక్కులేనివారి ఆశ్రమంలో కన్నుమూసింది. రాసుకోబట్టి ఆమె పేరు మనకు తెలిసింది. రాసుకోనివారు ఎందరో.

గాల్వెస్టన్ సంగతి కూడా అంతే. స్ట్రాండ్ వీధిలోని ఆ అందమైన ఇటుక మేడలు పత్తి ఎగుమతుల సొమ్ముతో లేచాయి. అమెరికా పత్తిని అంతర్యుద్ధం దాకా పండించింది బానిసలు. 1865 జూన్ 19న ఉత్తరాది సైన్యపు జనరల్ గ్రేంజర్ వచ్చి టెక్సాస్ బానిసలకు విముక్తి ప్రకటించింది ఈ ఊళ్లోనే. ఆ రోజు 2021 నుంచి దేశమంతటా సెలవు. ఈ కాలపు కుట్టుపనివారిలో ఆలోచన ఉన్నవాళ్లు ఈ మాట దాటవేయరు. పాత బట్టలు కావాలి గానీ పాత విలువలు వద్దు అన్న నినాదం వాళ్ల మధ్య గట్టిగానే వినబడుతుంది. నల్లజాతి స్త్రీలు తమ ముత్తవ్వలు వేసుకునే వీల్లేకపోయిన గౌన్లను తాము కుట్టుకుని వేసుకోవడంలో ఉన్నది ఉత్త సరదా కాదు.

మన దారం కూడా ఈ కుట్టులో ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో పత్తి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి. ఆ కాలపు అమెరికాలో సంపన్న ఇల్లాళ్లకు కశ్మీరు శాలువా అంటే మోజు. 1870లలో నడుము వెనక ఎత్తు గౌన్లు వచ్చాక ఆ ఎత్తు మీద శాలువా నిలవక దాని వాడకం తగ్గిపోయింది. ఇప్పటి కుట్టుపనివారికి ఖరీదైన పట్టు కొనలేని చోట మన చీరే దిక్కు. పాత పట్టుచీర తెప్పించుకుని, అంచును కుచ్చుల దగ్గరికి, పమిటను వెనక వేలాడే భాగానికి వచ్చేలా కత్తిరిస్తారు. దారంలో గడ్డలు తేలే మన డుపియాన్ పట్టు మాత్రం ఆ కాలానికి సరిపోదని నిపుణులు ముఖం చిట్లిస్తారు. విక్టోరియా కాలంలో గడ్డలున్న పట్టు నాసిరకమట. మనవాళ్లు అదే గడ్డలను చేనేత అందమని మెచ్చుకుంటారు. ఎవరి ముచ్చట వారిది.

ఇక లేసు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ మిషనరీ ఇల్లాళ్లు గోదావరి ప్రాంతపు స్త్రీలకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. 1900 ప్రాంతానికి నరసాపురం, పాలకొల్లు పల్లెల అల్లికలు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లడం మొదలైంది. కాలర్లకు, చేతి అంచులకు, బల్లల మీది గుడ్డలకు అవే అందం. జర్మన్ పండితురాలు మరియా మీస్ ఆ అల్లేవారి మీద 1982లో ఒక పుస్తకమే రాసింది. రోజంతా కళ్లు పోయేలా అల్లినా రూపాయి కూడా దక్కని ఆడవాళ్లను వ్యాపారులు ‘ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్లు’ అన్నారని ఆమె తేల్చింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకు ఎంత వచ్చిందన్నది వేరే సంపాదకీయం.

విక్టోరియా కాలంలోనే మన దేశం నుంచి అమెరికాకు వెళ్లి అక్కడి గౌను వద్దన్న మనిషి కూడా ఉంది. ఆనందీబాయి జోషి 1883లో డాక్టరు చదువు కోసం ఫిలడెల్ఫియా చేరేనాటికి నడుము ఎత్తు గౌన్ల రెండో విడత మొదలైంది. ‘గోడీస్’ పత్రిక అచ్చయ్యే ఊరు అది. ఆమె చీర వదల్లేదు, చలికి తట్టుకునేందుకు కట్టే తీరు మాత్రం మార్చుకుంది. 1885లో ఓ జపాన్ సహవిద్యార్థిని, సిరియా నుంచి వచ్చిన మరో అమ్మాయితో కలిసి, ముగ్గురూ తమ తమ దేశాల దుస్తుల్లో దిగిన ఫొటో నేటికీ ఉంది. 1886లో పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడే ఇరవై రెండేళ్లు నిండకుండా పోయింది. ఆమె చీర మీదికి వేసుకున్న జాకెట్టును ఎవరు కుట్టారో, ఎలా కత్తిరించారో ఫొటో చెప్పదు.

ఈ జాకెట్టు దగ్గరే అసలు మాట. మనం ఇవాళ ఘనంగా కుట్టించుకునే ప్రిన్సెస్ కట్ జాకెట్టు విక్టోరియా కాలపు కోత, పారిస్ దర్జీ వర్త్ దాన్ని తెచ్చాడంటారు. మన అమ్మమ్మల పెళ్లి ఫొటోల్లోని బుట్టచేతులు 1890ల అమెరికా గౌన్ల చేతులకు దగ్గరి చుట్టాలు. లోపావడా, హుక్కులు, మెడ చుట్టూ లేసు, అన్నీ ఆ గాలికి వచ్చినవే. కానీ వాళ్ల దగ్గర ఆ కోతలు కాగితం మీద ఉన్నాయి. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో పాత ప్యాటర్న్‌ల భాండాగారం ఉంది, 1840ల నుంచి వచ్చిన కాగితాలు వేలాదిగా అక్కడ భద్రం. ఆచార్యురాలు జోయ్ ఎమెరీ తన జీవితంలో పెద్ద భాగం వాటికే ఇచ్చింది. పారేయడానికే పుట్టినట్టుండే ఉల్లిపొర కాగితం నూటయాభై ఏళ్లు బతికింది, కనుకనే స్ట్రాండ్ వీధిలో రైతు భార్య గౌను మళ్లీ నడుస్తోంది.

మన దగ్గర? మనకు ప్యాటర్న్ కవరు లేదు, ఆది జాకెట్టు ఉంది. సరిపోయిన పాత జాకెట్టు ఒకటి దర్జీకిచ్చి, దీని లెక్కనే కుట్టు బాబూ, చేతులు మాత్రం కాస్త పొడుగు పెట్టు అంటాం. హ్యూస్టన్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఆది జాకెట్టు విమానమెక్కి విజయవాడకో వరంగల్‌కో వెళ్తుంది, వచ్చేవాళ్ల సూట్‌కేసులో కొత్త జాకెట్లు తిరిగొస్తాయి. లావైతే విప్పుకోవడానికి లోపల రెండు కుట్లు వదలమని మరీ చెప్పి పంపుతాం. విక్టోరియా దర్జీలు కూడా పక్కకుట్లలో అలాగే గుడ్డ వదిలేవారు. మన దర్జీ ఆ జాకెట్టును బల్ల మీద పరిచి సుద్దముక్కతో గుడ్డ మీదే గీస్తాడు. కత్తెర పడ్డాక గీత పోతుంది. ఆది జాకెట్టు చిరిగాక కోత పోతుంది. దర్జీ పోయాక చేతి ఒడుపు పోతుంది.

నవాబుల అంగరఖాలు, జరీ షేర్వాణీలు మ్యూజియాల అద్దాల వెనక ఉన్నాయి. నాట్లు వేసిన మనిషి ముడి రైక ఎక్కడుంది? 1930లలో కాకినాడలోనో కరీంనగర్‌లోనో మామూలు ఇంటి ఆడమనిషి వేసుకున్న రవిక ఎన్ని ముక్కలు, చంక దగ్గర చీలిక ముక్క ఎలా వేసేవారు, ముడి ఎక్కడ పడేది? సినిమావాళ్లు ఆ కాలపు కథ తీస్తే ఇవాళ్టి జాకెట్టుకు బుట్టచేతులు తగిలించి సరిపెట్టేస్తారు. వాళ్లను అనడానికీ లేదు, చూసి కుట్టడానికి ఏం మిగిల్చాం? పట్టుచీరలు జరీ కరిగించేవాడికి పోయాయి, నూలు బట్టలు స్టీలు సామాన్ల గంపలోకి వెళ్లాయి. ఇంటికొక పప్పుగిన్నె వచ్చింది.

పాత పెట్టె అడుగున అమ్మమ్మదో నాయనమ్మదో రైక ఒకటి ఇంకా ఉంటే ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు బయటికి తీయండి. కుట్లు విప్పనక్కర్లేదు. బల్ల మీద దుప్పటి మడిచి వేసి, దాని మీద వార్తాపత్రిక పరిచి, ఆ మీద రైకను ఒక్కో ముక్కా సాఫుగా ఆనించి, కుట్టు వెంట గుండుసూదితో కాగితం మీదికి గుచ్చుకుంటూ వెళ్లండి. తర్వాత చుక్కలు పెన్సిలుతో కలిపితే కోత బయటపడుతుంది. దాని పక్కన రాయండి: ఎవరిది, ఏ ఊరు, ఏ ఏడు, ఏం గుడ్డ, చేతికుట్టా మిషను కుట్టా. ఫొటో తీసి పిల్లలకూ పంపండి, అమెరికాలో ఉన్నవాళ్లకు తప్పకుండా. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకొక్కటి అడగండి. అది కుట్టిన దర్జీ ఎవరో వాళ్లకు గుర్తుంటే, ఆ పేరు కూడా రాయండి.